గడువు దాటిన నేర అప్పీలు: తప్పు వకీలుది, జైలు ముద్దాయిది

శిక్ష పడిన ముద్దాయి పై కోర్టుకు వెళ్లడానికి చట్టం ఇచ్చిన గడువు, అతని తరఫు న్యాయవాది అజాగ్రత్త వల్లనో లెక్క తప్పడం వల్లనో దాటిపోతే ఏమవుతుందన్నది ఈ వ్యాసంలోని విషయం. కోర్టు వ్యవహారంలో దీన్ని కాలదోషం అంటారు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో లావాదేవీలు చేసే ఎవరికైనా ఈ మాట కొత్త కాదు. ప్రోనోటు రాయించుకుని మూడేళ్లు ఊరుకుంటే దావా వేసే హక్కు పోతుందని చదువు రాని రైతుకు కూడా తెలుసు. జైలు శిక్ష మీద వేసే అప్పీలుకు అంతకంటే చాలా చిన్న గడువు ఉందని, అది నెలల్లో కాక రోజుల్లో లెక్కిస్తారని మాత్రం ఎక్కువ మందికి తెలియదు. అప్పు ఇచ్చినవాడి నోటు అతని పెట్టెలోనే ఉంటుంది. శిక్ష పడినవాడి దగ్గర ఒక్క కాగితమూ ఉండదు. తీర్పు చదివిన సాయంత్రమే అతన్ని జైలు వ్యానులో ఎక్కిస్తారు. కాగితాలు వకీలు దగ్గరే మిగిలిపోతాయి. ఈ విషయంలోని చిక్కంతా అక్కడే ఉంది.

ఊరి నుంచి హైకోర్టు దాకా

తుమ్మపాల అనకాపల్లికి ఆనుకుని, శారదా నది పరిసరాల్లో ఉన్న ఊరు. సహకార చక్కెర ఫ్యాక్టరీతో దానికి పేరొచ్చింది. ఆ ఊరి మనిషికి అనకాపల్లి మెజిస్ట్రేటు కోర్టులో శిక్ష పడితే అప్పీలు సెషన్స్ కోర్టుకు వెళ్తుంది. సెషన్స్ కోర్టే శిక్ష వేస్తే అప్పీలు హైకోర్టులో వేయాలి. ఆ హైకోర్టు ఈ ప్రాంతం వాళ్లకు ఒకచోట నిలవలేదు. మొదట మద్రాసు, 1954లో గుంటూరు, 1956 నుంచి హైదరాబాదు. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌కు విడిగా హైకోర్టు ఏర్పడింది. ఇప్పుడది అమరావతిలోని నేలపాడులో ఉంది. ముద్దాయి ఉండేదేమో విశాఖపట్నం శివార్లలో, అడవివరం దగ్గరి కేంద్ర కారాగారంలో. కుటుంబం తుమ్మపాలలో, కింది కోర్టు వకీలు అనకాపల్లిలో లేదా విశాఖలో, హైకోర్టు వకీలు మూడు వందల కిలోమీటర్ల అవతల. గడువు లెక్క ఈ నాలుగు చోట్ల మధ్య ఎక్కడైనా జారిపోవచ్చు.

గంజాయి కేసుల్లో ఇది మరీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పాడేరు, చింతపల్లి మన్యం నుంచి మైదానానికి వచ్చే దారులు అనకాపల్లి, నర్సీపట్నం మీదుగానే సాగుతాయి. 20 కిలోలు మించిన గంజాయిని చట్టం వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తుంది. నేరం రుజువైతే తక్కువలో తక్కువ పదేళ్ల కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా. పట్టుబడేవాళ్లలో కూలి కోసం మూటలు మోసినవాళ్లు, బండి నడిపినవాళ్లు ఎక్కువ. పదేళ్ల శిక్ష మీద అప్పీలుకు ఉన్న వ్యవధి అరవై రోజులు. ఆ అరవై రోజుల్లో హైకోర్టు వకీలును వెతికి, ఫీజు పోగుచేసి, తీర్పు నకలు తెప్పించి, జైల్లో వకాలత్ మీద సంతకం పెట్టించి పంపడం మన్యంలోని కుటుంబానికి ఎంత పనో ఊహించవచ్చు.

లెక్క ఎలా వేస్తారు

నేర అప్పీళ్ల గడువులు 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఉన్నాయి. అది 1964 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ చట్టం షెడ్యూలులోని 115వ ఆర్టికల్ ప్రకారం మరణశిక్ష మీద అప్పీలుకు 30 రోజులు, మిగతా శిక్షల మీద హైకోర్టుకు 60 రోజులు, ఇతర కోర్టులకు 30 రోజులు. రివిజన్‌కు 90 రోజులు. సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి కోరే పిటిషన్‌కు మామూలుగా 90 రోజులు. మరణశిక్ష కేసుల్లో 60. అప్పీలు హక్కు, దాన్ని దాఖలు చేసే పద్ధతి పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండేవి. 2024 జూలై 1 నుంచి అవి భారతీయ నాగరిక సురక్షా సంహితలోకి మారాయి. సెక్షన్ల అంకెలు మారాయి గాని గడువులు మారలేదు.

తీర్పు చెప్పిన రోజును లెక్కలోకి తీసుకోరు. తీర్పు నకలు పొందడానికి పట్టిన కాలాన్నీ కాలపరిమితి చట్టం 12వ సెక్షన్ మినహాయిస్తుంది. మార్చి 1న సెషన్స్ కోర్టు శిక్ష వేసిందనుకుందాం. అరవై రోజులు ఏప్రిల్ 30తో ముగుస్తాయి. నకలు కోసం మార్చి 5న దరఖాస్తు పెడితే, 15న కాపీ సిద్ధమైతే, ఆ పదకొండు రోజులు కలిసి గడువు మే 11 అవుతుంది. సర్టిఫైడ్ కాపీ వెనుక వేసే ముద్రలో దరఖాస్తు తేదీ, చార్జీలు అడిగిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరుసగా ఉంటాయి. హైకోర్టు రిజిస్ట్రీ ముందుగా చూసేది ఆ ముద్రనే. చార్జీలు అడిగాక కట్టకుండా జాగు చేసినా, సిద్ధమైన కాపీని పది రోజులు తీసుకోకపోయినా ఆ రోజులు ముద్దాయి ఖాతాలో పడతాయి. గడువు ముగిశాక నకలు అడిగితే మినహాయింపే ఉండదు.

శిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఇది దయ కాదు, హక్కు. సర్టిఫైడ్ కాపీ రాలేదు కాబట్టి ఆగామని చెప్పే వకీలును, కోర్టు ఉచితంగా ఇచ్చిన కాపీ ఏమైందని అడగవచ్చు.

పొరపాటు ఎక్కడ జరుగుతుంది

అప్పీళ్లు ఆలస్యమయ్యేది ఎక్కువగా కుట్రల వల్ల కాదు. కింది కోర్టు వకీలు తన పని తీర్పుతో ముగిసిందనుకుంటాడు. కుటుంబం మాత్రం ఆయనే పైకి పంపుతాడనుకుంటుంది. ఈ రెండు అనుకోవడాల మధ్య రెండు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఫీజులో కొంత ఇచ్చి మిగతాది పంట అమ్మాక ఇస్తామని కుటుంబం అంటే, ఆ మిగతా డబ్బు వచ్చేదాకా కాగితాల కట్ట గూట్లో ఉండిపోవడం ఇంకొక రకం. మెజిస్ట్రేటు కోర్టు తీర్పుకు ముప్పై రోజులే అన్నది మరిచి అరవై అనుకునేవాళ్లు ఉన్నారు. గుమస్తా మారితే డైరీ మారుతుంది. పాత డైరీలోని తేదీ కొత్తదానిలోకి ఎక్కదు.

అన్నిటికంటే తెలియకుండా జరిగేది కాగితాలు తిరిగి రావడం. అప్పీలు గడువులోనే దాఖలవుతుంది. రిజిస్ట్రీ పరిశీలించి అభ్యంతరాలు రాస్తుంది: వకాలత్ మీద జైలు అధికారి ధ్రువీకరణ లేదు, కాపీలో కొన్ని పేజీలు చదవడానికి రావడం లేదు, పేజీ సంఖ్యలు సరిపోలడం లేదు. సరిచేసి మళ్లీ ఇవ్వమని కాగితాలు వెనక్కి ఇస్తుంది. వాటిని సరిచేసి ఇవ్వడానికి కూడా వ్యవధి ఉంటుంది. అది దాటితే ఆ ఆలస్యానికి వేరే పిటిషన్ వేయాలి. ఈలోగా జైల్లో ఉన్నవాడికి అప్పీలు వేశామనే కబురు అందుతుంది. అతను ఏడాది పాటు బెయిలు కోసం ఎదురుచూస్తాడు. నిజానికి అప్పీలుకు ఇంకా నంబరే పడి ఉండదు.

చెక్కు బౌన్సు కేసుల్లో ఇది మరో రూపంలో ఎదురవుతుంది. మూడేళ్లు మించని శిక్ష పడి, ముద్దాయి అప్పటికే బెయిలు మీద ఉంటే, అప్పీలు వేసుకోవడానికి వీలుగా కింది కోర్టే శిక్షను కొన్నాళ్లు ఆపి బెయిలు ఇస్తుంది. ఇంటికి వచ్చిన మనిషి కేసు పైకి వెళ్లిందనుకుని పనిలో పడతాడు. ఆ వ్యవధిలో పై కోర్టు ఉత్తర్వు రాకపోతే వారెంటు వస్తుంది. గడువు దాటిందన్న సంగతి అతనికి చెప్పేది వకీలు కాదు, గుమ్మంలో నిలబడ్డ కానిస్టేబులు.

వకీలును మార్చుకోవాలన్నా ఒకప్పుడు కాగితాలే అడ్డం వచ్చేవి. ఫీజు బాకీ ఉందని ఫైలు ఇవ్వకుండా పట్టుకునే అధికారం న్యాయవాదికి లేదని ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. బాకీ కోసం వేరే దారి చూసుకోవాలి తప్ప కట్టను ఆపకూడదు. ఈ తీర్పు సంగతి ప్రతి ఊళ్లోనూ తెలియాలి.

ఆలస్యాన్ని మన్నించే తలుపు

కాలపరిమితి చట్టం 5వ సెక్షన్ ఒక తలుపు తెరిచి ఉంచింది. గడువులో రాలేకపోవడానికి తగిన కారణం ఉందని కోర్టుకు నమ్మకం కుదిరితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. కోర్టు భాషలో దీని పేరు డిలే కండోనేషన్ పిటిషన్. దానికి తోడు ఒక అఫిడవిట్ ఉండాలి. వకీలు తప్పు తగిన కారణమవుతుందా అన్నదే నలభై ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న.

రఫీక్ వర్సెస్ మున్షీలాల్ కేసులో 1981లో సుప్రీంకోర్టు కక్షిదారు పక్షం నిలిచింది. వకీలును పెట్టుకుని, ఫీజు ఇచ్చి, మిగతా పని ఆయన చూస్తాడని నమ్మి ఇంటి దగ్గర ఉన్న పల్లెటూరి మనిషిని, ఆ వకీలు రాలేదన్న కారణంతో శిక్షించకూడదన్నది దాని సారం. 1998లో ఎన్. బాలకృష్ణన్ కేసులో 883 రోజుల ఆలస్యాన్ని మన్నిస్తూ, రోజుల సంఖ్య కంటే వివరణలోని నిజాయితీ ముఖ్యమని చెప్పింది. తమిళనాడు నుంచి వచ్చిన ఆ కేసులో కక్షిదారు అప్పటికే వినియోగదారుల ఫోరానికి వెళ్లి వకీలు మీద 50,000 రూపాయల పరిహారం తెచ్చుకున్నాడు. తాను ఊరికే కూర్చోలేదని చూపడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

దీనికి ఎదురుగా నిలిచే తీర్పులూ ఉన్నాయి. వకీలు మీద తప్పు తోసేస్తే చాలదని, కక్షిదారు కూడా తన కేసు సంగతి కనుక్కుంటూ ఉండాలని 1993లో సలీల్ దత్తా కేసులోను, 2024 నవంబరులో రజనీష్ కుమార్ కేసులోను సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగు నేల నుంచి వెళ్లిన లంకా వెంకటేశ్వర్లు కేసు మరీ కఠినమైనది. 3,703 రోజుల ఆలస్యానికి ప్రభుత్వ న్యాయవాదుల నిర్లక్ష్యమే కారణమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మందలించింది. మందలిస్తూనే ఆలస్యాన్ని మన్నించింది. 2011 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మన్నింపును కొట్టేసింది. ఉదారత పేరుతో కాలపరిమితి చట్టాన్నే పక్కన పడేయకూడదని చెప్పింది.

ఈ తీర్పులన్నీ సివిల్ తగాదాల్లో వచ్చినవన్న సంగతి మరవకూడదు. భూమి తగాదాలో ఎదుటి పక్షానికి, గడువు దాటాక తీర్పు స్థిరపడిందన్న భరోసా ఏర్పడుతుంది. దాన్ని చెదరగొట్టడం అన్యాయమే కావచ్చు. జైల్లో ఉన్న ముద్దాయి విషయం వేరు. అతని అప్పీలు ఆలస్యమైతే ఆ రోజులన్నీ అతనే జైల్లో గడుపుతాడు. ఆలస్యం చేసి అతను సంపాదించేది ఏమీ లేదు. ఇంటి సంగతి తెలియని, చదువు రాని, ఫోను లేని మనిషిని కేసు సంగతి ఎందుకు కనుక్కోలేదని అడగడంలో అర్థం లేదు. నా దృష్టిలో సివిల్ తీర్పుల కొలబద్దను జైలు అప్పీలుకు యథాతథంగా పెట్టడం తప్పు. నేర కేసుల్లో సుప్రీంకోర్టు నడిచిన దారి ఈ మాటకు బలమిస్తోంది.

అప్పీలు విచారణకు వచ్చిన రోజు వకీలు రాకపోతే దాన్ని కొట్టేయకూడదని, రికార్డు చదివి మంచిచెడ్డల మీదే తీర్పు చెప్పాలని బనీ సింగ్ కేసులో 1996లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం నిర్ణయించింది. ముద్దాయి జైల్లో ఉండి, అతని వకీలు రాకపోతే ప్రభుత్వ ఖర్చుతో మరొకరిని నియమించవచ్చు. ఒకే కేసులో కొందరు అప్పీలు వేసి నిర్దోషులుగా బయటపడితే, అదే సాక్ష్యం మీద శిక్ష పడి అప్పీలు వేయలేకపోయినవాళ్లకూ ఆ మేలు అందాలని జావేద్ షౌకత్ అలీ ఖురేషీ కేసులో 2023లో చెప్పింది. తాను అంతకుముందు కొట్టేసిన ఒక ముద్దాయి పిటిషన్‌ను సుప్రీంకోర్టు ఆ సందర్భంలో తానే వెనక్కి తీసుకుని అతన్ని విడిపించింది.

కోవిడ్ కాలం ఇంకో పాఠం. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా గడిచిన రోజులను దేశమంతటా గడువు లెక్క నుంచి సుప్రీంకోర్టు తీసేసింది. దాఖలు చేయడం మనిషి చేతుల్లో లేనప్పుడు గడువు ఆగాలన్న సూత్రాన్ని ఆ ఉత్తర్వు అందరికీ వర్తింపజేసింది. జైల్లో ఉన్నవాడి పరిస్థితి ఎప్పుడూ దానికి దగ్గరగానే ఉంటుంది.

తలుపు మూసేసిన చట్టాలు

కొన్ని ప్రత్యేక చట్టాలు మన్నింపుకు కూడా పొలిమేర గీశాయి. జాతీయ దర్యాప్తు సంస్థ చట్టం 21వ సెక్షన్ ప్రకారం అప్పీలు గడువు 30 రోజులు. కారణం చూపితే 90 రోజుల దాకా తీసుకోవచ్చు, ఆ తర్వాత ఎంత మంచి కారణమైనా పనికిరాదన్నది చట్టంలోని మాట. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 14ఎ సెక్షన్‌లోనూ 180 రోజులు దాటితే అప్పీలు లేదని ఉంది; ఆ నిబంధనను అలహాబాద్ హైకోర్టు ఫుల్ బెంచ్ 2018లో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మూడు నెలలు, ఆరు నెలలు అనే అంకె ముందు బాధితుడైనా ముద్దాయైనా ఒకటే. వకీలు కట్ట మరిచిపోయిన పాపానికి కోర్టు చెవి మూసుకోవలసి రావడం ఏ నేరానికీ తగిన శిక్ష కాదు.

అమెరికాలో ఇదే కథ ఎంత దూరం పోయిందో అక్కడి తీర్పులు చూస్తే తెలుస్తుంది. వర్జీనియాలో మరణశిక్ష పడిన రోజర్ కోల్‌మన్ వకీళ్లు అప్పీలు నోటీసును మూడు రోజులు ఆలస్యంగా వేశారు. తొలి అప్పీలు ముగిశాక వచ్చే ఆ దశలో వకీలును పొందే రాజ్యాంగ హక్కు లేదు కాబట్టి వకీలు తప్పును ముద్దాయే మోయాలని 1991లో అమెరికా సుప్రీంకోర్టు అంది. 1992 మేలో అతనికి మరణశిక్ష అమలు చేశారు. 2006లో చేసిన డీఎన్‌ఏ పరీక్ష అతని నేరాన్నే బలపరిచింది. అయినా మూడు రోజుల ఆలస్యం అతని వాదనను ఫెడరల్ కోర్టులు వినకుండా చేసిందన్న నిజం మారదు. 2012లో అలబామాకు చెందిన కోరీ మేపుల్స్ విషయంలో అదే కోర్టు కాస్త మెత్తబడింది. అతని వకీళ్లిద్దరూ చెప్పకుండా ఉద్యోగాలు మారారు. కోర్టు పంపిన కవర్లు విప్పకుండానే తిరిగి వెళ్లాయి, 42 రోజుల గడువు దాటింది. పొరపాటు చేసిన వకీలు వేరు, కక్షిదారును వదిలేసి వెళ్లిపోయిన వకీలు వేరు అని కోర్టు తేడా చూపి అతనికి దారి ఇచ్చింది. వీటన్నిటికంటే మనకు పనికివచ్చేది 1988 నాటి హ్యూస్టన్ వర్సెస్ లాక్ తీర్పు. వకీలు లేని ఖైదీ తన అప్పీలు కాగితాన్ని జైలు అధికారి చేతికి ఇచ్చిన రోజే దాఖలైనట్టు లెక్క. ఆ తర్వాత తపాలాలో, కార్యాలయాల్లో పట్టే కాలంతో ఖైదీకి సంబంధం లేదు.

వకీలు ఎవరికి జవాబు చెప్పాలి

న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దురుద్దేశం లేని ఒట్టి అజాగ్రత్తను వృత్తి దుష్ప్రవర్తనగా పరిగణించలేమని 1997లో వి.పి. కుమారవేలు కేసులో సుప్రీంకోర్టు అనడంతో ఆ దారి ఇరుకైంది. వినియోగదారుల కోర్టు దారి 2024 మే 14న మూతపడింది. న్యాయవాదుల సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని డి.కె. గాంధీ కేసులో తీర్పు వచ్చింది. బాలకృష్ణన్‌కు దొరికిన 50,000 రూపాయల పరిహారం ఇప్పుడైతే ఆ ఫోరంలో దొరకదు. మిగిలింది సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా. పదేళ్ల శిక్ష అనుభవిస్తున్నవాడు కోర్టు ఫీజు కట్టి ఆ దావా నడపాలి. ఇది సరైన ఏర్పాటు కాదు. వృత్తి గౌరవాన్ని కాపాడే తీర్పు వచ్చినప్పుడు దాని వెంటే కక్షిదారును కాపాడే ఏర్పాటు కూడా రావాల్సింది.

జైలు గోడల లోపలి నుంచి

వకీలు లేకుండానే అప్పీలు వేయవచ్చన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. సంహిత 424వ సెక్షన్ ప్రకారం జైల్లో ఉన్న ముద్దాయి తన అప్పీలును, తీర్పు నకలుతో కలిపి జైలు అధికారికి ఇస్తే ఆయన దాన్ని సంబంధిత కోర్టుకు పంపాలి. పాత కోడ్‌లో ఇది 383వ సెక్షన్. దీన్నే జైలు అప్పీలు అంటారు.

దీని వెనుక ఒక పెద్ద తీర్పు ఉంది. మహారాష్ట్ర నుంచి వచ్చిన కేసులో ఎం.హెచ్. హోస్కోట్‌కు హైకోర్టు 1973లో మూడేళ్ల శిక్ష వేసింది. తీర్పు నకలు జైలుకు చేరిందని అధికారులు, తనకు అందలేదని అతను అన్నారు. అందినట్టు అతని సంతకం ఎక్కడా లేదు. సుప్రీంకోర్టుకు అతను వచ్చేసరికి ఏళ్లు గడిచాయి. 1978లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అతని పిటిషన్‌ను కొట్టేస్తూనే, తీర్పు నకలు ఖైదీకి సకాలంలో ఉచితంగా అందాలని, అందినట్టు సంతకం తీసుకోవాలని, వకీలును పెట్టుకోలేనివాడికి ప్రభుత్వం వకీలును ఇవ్వాలని, ఇవన్నీ రాజ్యాంగం 21వ అధికరణంలోని భాగమని ప్రకటించారు. ఆ ఖైదీ ఓడాడు, అతని తర్వాత వచ్చిన ఖైదీలు గెలిచారు. 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చిన న్యాయసేవాధికార సంస్థల చట్టం కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇచ్చింది. 2024 అక్టోబరు 23న సుహాస్ చక్మా కేసులో సుప్రీంకోర్టు, జైళ్లకు వెళ్లే న్యాయసహాయ వకీళ్లు ఇంకా అప్పీలు వేయని ఖైదీలతో మాట్లాడి వాళ్ల హక్కు చెప్పాలని ఆదేశించింది.

ఇక మిగిలింది జైలు అధికారికి ఇచ్చిన తేదీనే దాఖలు తేదీగా లెక్కించాలని చట్టంలో స్పష్టంగా రాయడం. దానికి డబ్బు ఖర్చు లేదు, కొత్త భవనం అక్కర్లేదు. పార్లమెంటు కాలపరిమితి చట్టంలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు.

తుమ్మపాలలోనైనా మరెక్కడైనా ఇంటి మనిషికి శిక్ష పడితే మర్నాడే మూడు అడగండి. నకలు దరఖాస్తు నంబరు ఎంత? అప్పీలు ఎవరు వేస్తున్నారు, పేరు చెప్పండి. అప్పీలుకు నంబరు పడిందా? కేసుకు పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో దాన్ని కొట్టి చూస్తే వకీలు చెప్పక్కర్లేకుండానే సంగతి తెలుస్తుంది. జవాబు రాకపోతే జైలు సూపరింటెండెంట్‌ను కలిసి జైలు అప్పీలు పంపమనండి, లేదా న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోను చేయండి. గడువు దాటిపోయిందని ఎవరన్నా నమ్మి ఊరుకోకండి. మన్నింపు పిటిషన్ వేసే హక్కు ఆ రోజు కూడా మీకు ఉంటుంది.